నిష్ఠగా బతికినా కష్టం వచ్చినప్పుడు రాముణ్ణి నిలదీయడం అపచారమా?

అమ్మా, మీ ప్రశ్నను ఒకటికి రెండుసార్లు చదివిన తరువాతే ఈ సమాధానం రాస్తున్నాను. అత్తవారింట అడుగుపెట్టిన నాటి నుంచి నిత్యపూజ తప్పలేదని, ఏకాదశి ఉపవాసాలు గాని శ్రీరామనవమికి ఇంట్లో చేయించే సీతారామకల్యాణం గాని ఏనాడూ మానలేదని, తెలిసి ఎవరికీ అన్యాయం చేయలేదని, అయినా ఉద్యోగ విరమణ చేసిన ఏడాదికే మీవారికి పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడిందని, మాట కూడా తడబడుతోందని రాశారు. చుట్టాలు పూజలో ఏదో లోపం జరిగి ఉంటుందని అంటున్నారు. ఒక జ్యోతిష్కుడు పెద్ద ఖర్చుతో పరిహారం చెప్పాడు. ఒక రాత్రి మీరు పటం ముందు నిలబడి రాముణ్ణి నోటికి వచ్చినట్లు నిందించారు, ఇప్పుడు ఆ నిందే మరొక పాపమై మీవారికి తగులుతుందేమోనని వణికిపోతున్నారు. ఇన్నేళ్ల భక్తి వృథాయేనా, ఇకమీదట ఆయనను ఎలా నమ్మేది అని అడిగారు.

దేవాలయాలలో పురాణం చెప్పడం నా వృత్తి. కథ ముగిసి జనం వెళ్లిపోయిన తరువాత ఒంటరిగా ఆగి అడిగేవారి ప్రశ్నలలో ఎక్కువగా వినబడేది మీరు అడిగినదే. కాబట్టి మిగిలిన విషయాలన్నిటికంటే ముందు మీ భయం గురించి చెబుతాను. ఆ రాత్రి మీరు చేసినది అపచారం కాదు. మన తెలుగు భక్తి సంప్రదాయంలో దానికి పెద్ద పీటే ఉంది, ఆ పీట మీద కూర్చున్నవాడు భద్రాచల రామదాసు.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న, ఆయన కథ మీకు తెలియనిది కాదు. నేలకొండపల్లిలో పుట్టినవాడు, గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలకు మేనల్లుడు, వారి ప్రాపకంతో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయినవాడు. భద్రాద్రి మీద రాముడికి గుడి కట్టించి, నగలు చేయించి, అందుకు సర్కారు శిస్తు సొమ్మును వాడినందుకు గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఆ చెర పన్నెండేళ్లు సాగిందని, ఖర్చయిన సొమ్ము ఆరు లక్షలని సంప్రదాయం చెబుతుంది. నవాబు వైపు నుంచి చూస్తే ఖజానా సొమ్ము అనుమతి లేకుండా వాడటం నేరమే కదా, ఇతని కష్టానికి కారణం కళ్లెదుటే ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఆ అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. అయితే గోపన్న తన కీర్తనలలో నవాబుతో వాదించడం లేదు. ఎవరి కోసం అంతా చేశాడో ఆయననే అడుగుతున్నాడు. నీ కోసం బతికాను, నాకు ఈ గతి పట్టింది, నువ్వు పలకవేమి అన్నదే అతని ప్రశ్న, అది అక్షరాలా మీ ప్రశ్న.

‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను మనం ఉత్సవాలలో ఎన్నోసార్లు విని ఉంటాం గనుక అందులోని పదును మనకు తెలియకుండా పోయింది. ఒకసారి ఏ సంగీతమూ లేకుండా ఆ మాటలను మాత్రమే చదివి చూడండి. చుట్టూ ప్రాకారాలు కట్టించాను, ఇంత అయింది. సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, ఇంత అయింది. భరతుడికి పచ్చల పతకం చేయించాను, ఇంత అయింది అని ఒక్కొక్క పద్దూ ఎత్తి చూపుతాడు. ఇవన్నీ నీ తండ్రి దశరథ మహారాజు పెట్టాడా, మీ మామ జనక మహారాజు పంపాడా అని నిలదీస్తాడు. ‘ఎవడబ్బ సొమ్మని కులుకుతు తిరిగేవు’ అన్నంత వరకు వెళతాడు. మీరు ఆ రాత్రి పటం ముందు అన్న మాటలు ఇంతకంటే కఠినంగా ఉండి ఉంటాయని నేను అనుకోను. ఆ తరువాత, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, తిట్టానని నొచ్చుకోవద్దని తానే అంటాడు. చివరికి భక్తులందరినీ పాలించే నువ్వు ఈ రామదాసునూ ఏలుకో అని ముగిస్తాడు. లెక్క అడగడం, తిట్టడం, బుజ్జగించడం, శరణు వేడటం ఒకే పాటలో, ఒకే మనిషి నోట, ఒకే దేవుడి ముందు జరిగాయి. ఆ పాటను మన పెద్దలు దాచిపెట్టలేదు, దిద్దలేదు, పాడకూడదని నిషేధించలేదు. గుళ్లోనే, రాముడి ఎదుటే మూడు వందల ఏళ్లకు పైగా పాడుతూ వచ్చారు. నిందాస్తుతికి సన్నిధిలో చోటిచ్చిన సంప్రదాయంలో పుట్టిన మీరు ఒక్క రాత్రి ఆవేదనకు ఇంతగా భయపడవలసిన పని లేదు.

నమ్మకం పోయినవాడు దేవుణ్ణి తిట్టడు, ఆయనతో మాట్లాడటం మానేస్తాడు. అలిగిన బిడ్డ తల్లి కొంగు పట్టుకునే అలుగుతుంది, వీధిన పోయేవాళ్ల మీద అలగదు. ‘పలుకే బంగారమాయెనా’ అని దేవుడి మౌనాన్ని ఎత్తిపొడిచిన కీర్తనలోనే, కలలోనైనా నీ నామస్మరణ మరువనని గోపన్న అంటాడు. రాతిని నాతిగా చేసి ప్రఖ్యాతి పొందావని విని ప్రీతితో నమ్మానంటాడు, ఎంత వేడినా కొంచెమైనా దయ రాదేమని ఆ వెంటనే అడుగుతాడు. ఈ రెండింటిలో ఒకటి నిజమై మరొకటి అబద్ధం కావలసిన అవసరం అతనికి కనబడలేదు. రాముడి దగ్గర పని కాకపోతే సీతమ్మ దగ్గరకు వెళ్లి, నన్ను బ్రోవమని మీ ఆయనతో ఏకాంతంలో చెప్పమ్మా అని బతిమాలాడు. అన్ని తలుపులూ తట్టాడు గాని ఆ ఇంటి గడప వదిలి వెళ్లలేదు. పటం ముందు నిలబడి అరిచానని మీరు రాసినప్పుడు నాకు అర్థమైనది కూడా ఇదే. మీరు పటం ముందుకే వెళ్లారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. రామదాసు కథ ముగింపు మనకు ముందే తెలుసు గనుక మనం అతని కష్టాన్ని తేలికగా వింటాం. రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో రామలక్ష్మణులు వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించారని, నవాబు పశ్చాత్తాపంతో గోపన్నను విడిచిపెట్టాడని, భద్రాద్రి కల్యాణానికి ముత్యాలు పంపే ఆచారం అప్పటి నుంచే వచ్చిందని విన్నాం. నేటికీ ప్రభుత్వం పక్షాన ఆ ముత్యాల తలంబ్రాలు వెళుతున్నాయి. కాని చెరలో పాడుకున్న మనిషికి ఆ ముగింపు తెలియదు. రేపు విడుదల ఉందని తెలిసి పాడిన పాటలు కావవి. అందుకే మీతో ‘కాస్త ఓపిక పట్టండి, రామదాసుకు వచ్చినట్లే మీకూ మంచి రోజు వస్తుంది’ అనే మాట నేను అనను. మీవారి చేయి మళ్లీ పూర్తిగా ఆడుతుందో లేదో చెప్పగల శక్తి పురాణం చెప్పేవాడికి లేదు, ఉన్నట్లు నటించడం మీ కష్టాన్ని అవమానించడమే అవుతుంది. ఆ సంప్రదాయ కథలోనే మరొక సంగతి కూడా ఉంది, హరికథలలో దానిని త్వరగా దాటించేస్తారు. రామలక్ష్మణులు కనబడింది తానీషాకు, జీవితమంతా వారి కోసం ఎదురు చూసిన గోపన్నకు కాదు. తనకు దక్కని దర్శనం నవాబుకు దక్కినందుకు అతడు వలవల ఏడ్చాడని చెబుతారు. రక్షణ వచ్చినప్పుడు కూడా అది అతడు కోరుకున్న రూపంలో రాలేదు. నా మట్టుకు నాకు ఆ కథలో అన్నిటికంటే నమ్మదగిన ఘట్టం అదే, ఎందుకంటే భక్తుల జీవితాలలో నేను చూసినదానికి అది దగ్గరగా ఉంది.

ఇక మీ చుట్టాల మాట. పూజలో లోపం, పూర్వజన్మ పాపం అని వారు చెప్పేదానికి శాస్త్రంలో ఆధారం ఉందా అని మీరు అడిగారు. కర్మ సిద్ధాంతం మన శాస్త్రాలలో ఉంది, దానిని నేను కాదనను. గోపన్న చెరకు కూడా, పూర్వజన్మలో చిలుకను పంజరంలో బంధించిన పాపమే కారణమని ఒక కథ ప్రచారంలో ఉంది. కాని కర్మ ఉందనడం వేరు, ఫలానా మనిషికి వచ్చిన ఫలానా రోగానికి ఫలానా కర్మే కారణమని వేలు చూపడం వేరు. భగవద్గీత నాలుగవ అధ్యాయంలో కృష్ణుడే ‘గహనా కర్మణో గతిః’ అన్నాడు, అంటే కర్మ నడిచే దారి అంతుపట్టనిది. మహాభారతం అరణ్యపర్వంలో ధర్మరాజు ద్రౌపదితో, పుణ్యపాపాల ఫలం ఎప్పుడు ఎలా పుడుతుందో, ఎలా లయిస్తుందో అది దేవరహస్యమని అంటాడు. ధర్మరాజుకే అందని రహస్యం పరామర్శకు వచ్చి కాఫీ తాగి వెళ్లే బంధువులకు ఎలా అందింది? రామకృష్ణ పరమహంస గొంతు కాన్సరుతో బాధపడి 1886లో దేహం విడిచారు. రమణ మహర్షి చేతి మీద వచ్చిన కణితికి పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగినా నయం కాక 1950లో వెళ్లిపోయారు. వారి నిష్ఠలో ఏ లోపం ఉందని ఈ బంధువులు చెబుతారు? రోగాన్ని బట్టి భక్తిని తూచే త్రాసు మన శాస్త్రాలలో లేదమ్మా. మీవారికి పక్షవాతం రావడానికి రక్తపోటు, మధుమేహం వంటి కారణాలను వైద్యులు చూపగలరు. మీరు దీపం ఆలస్యంగా వెలిగించిన ఒక సాయంత్రాన్ని దానికి కారణంగా ఎవరూ చూపలేరు.

పరిహారం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీకు తృప్తి కలుగుతుందనుకుంటే మీ శక్తిలో ఉన్న అర్చన చేయించుకోండి. అప్పు చేసి, నగ తాకట్టు పెట్టి, భయంతో చేసే పరిహారం వద్దు. ఆ సొమ్ము మీవారి ఫిజియోథెరపీకి, మాట కోసం చేయించే శిక్షణకు ఖర్చు కానివ్వండి. పక్షవాతంలో మొదటి నెలల సాధన ఎంతో ముఖ్యమని వైద్యులు చెబుతారు, దానిని పూజ కోసమైనా వాయిదా వేయకండి.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన వాక్యం మరొకటి ఉంది: ‘ఇంత చేశాను, నాకేమి దక్కింది?’ ఈ ప్రశ్న అడిగిన మొదటి స్త్రీ మీరు కాదు. వనవాసంలో, ద్వైతవనంలో ఉండగా ద్రౌపది ధర్మరాజును ఇదే అడిగింది. ధర్మాన్ని కాపాడితే అది మనలను కాపాడుతుందని పెద్దలు చెప్పగా విన్నాను, నిన్ను మాత్రం అది కాపాడుతున్నట్లు నాకు కనబడటం లేదు అన్నది. సూత్రధారి బొమ్మలను ఆడించినట్లు ఈ విధాత మనుషులను ఆడిస్తున్నాడని కూడా అన్నది. ధర్మరాజు చెప్పిన జవాబు విన్న తొలిసారి ఎవరికైనా నిష్ఠురంగానే అనిపిస్తుంది. నేను ఫలం వెదుకుతూ ధర్మం చేయడం లేదు, ఇవ్వవలసినది గనుక ఇస్తున్నాను, యజ్ఞం చేయవలసినది గనుక చేస్తున్నాను, ధర్మంతో వర్తకం చేసేవాడు ధర్మం తెలిసినవారిలో కడపటివాడు అన్నాడు. ఈ మాటను మీ మీద విసరడానికి చెప్పడం లేదు. మీరు వర్తకం చేశారని నేను అనుకోవడం లేదు. కష్టం వచ్చినప్పుడు మనలో ప్రతి ఒక్కరికీ, మనకు తెలియకుండానే లోపల ఒక ఒప్పందం రాసుకున్నామని బయటపడుతుంది. నేను పూజ చేస్తాను, నువ్వు నా ఇంటిని కాపాడు అన్న ఆ ఒప్పందం మీద రాముడు ఏనాడూ సంతకం చేయలేదు. ఇప్పుడు మీ ఇంట్లో విరిగింది ఆ ఒప్పందమే గాని, ఇన్నేళ్లు మీరు చేసిన భక్తి కాదు. ఆ ఉదయాలలో తులసి దగ్గర మీరు పొందిన శాంతి, కల్యాణం రోజున పదిమందికి పానకం పోసినప్పుడు కలిగిన ఆనందం అప్పుడే మీకు దక్కాయి. వాటిని మీవారి రోగం వచ్చి వెనక్కి తీసుకుపోలేదు.

అయితే ధర్మరాజు జవాబుకు ద్రౌపది ఏమన్నదో కూడా వినండి, ఆ భాగాన్ని చాలామంది వదిలేస్తారు. ఆమె నోరు మూసుకుని తప్పు ఒప్పుకోలేదు. ధర్మాన్ని నేను తిరస్కరించడం లేదు, నిందించడం లేదు, ఆర్తితో ఇలా విలపిస్తున్నానని తెలుసుకో అన్నది. ఆ తరువాత తాను చెప్పదలచుకున్నది చెప్పనే చెప్పింది. వ్యాసుడు ఆమె విలాపాన్ని భారతంలో పూర్తిగా నిలబెట్టాడు. గీతలో కృష్ణుడు తనను సేవించే నలుగురిని చెప్పేటప్పుడు ఆర్తుణ్ణి, అంటే కష్టంలో ఉన్నవాణ్ణి, మొట్టమొదట పేర్కొన్నాడు. జ్ఞాని తనకు ఎక్కువ ప్రియమైనవాడని చెబుతూనే, ఆ నలుగురూ ఉదారులే అన్నాడు. మీరు ఈ రోజు జ్ఞాని కాలేకపోయినందుకు సిగ్గుపడవద్దు. ఆర్తురాలిగా నిలబడండి, ఆ స్థానం ఆయన ఇచ్చినదే.

సందేహం కూడా అంతే. పోతన భాగవతంలో గజేంద్రుడు వేయేండ్లు మొసలితో పోరాడి అలసిపోయి ప్రార్థన మొదలుపెడతాడు. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పాలిట ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు, ఉన్నాడు ఉన్నాడని చెప్పే ఆ దేవుడు ‘గలఁడో లేఁడో’ అని అడుగుతాడు. ఈ పద్యం ప్రార్థనకు ముందు రాలేదు, ప్రార్థన నడుమ వచ్చింది. ‘లావొక్కింతయు లేదు’ అన్న శరణాగతి ఆ సందేహం తరువాత వచ్చింది. సందేహాన్ని తుడిచేసుకుని శుభ్రంగా ఆయన ముందుకు వెళ్లాలనుకుంటే మనలో ఎవరమూ ఎప్పటికీ వెళ్లలేము.

కుంతి కృష్ణుణ్ణి ఆపదలే ఇవ్వమని కోరిన ఘట్టాన్ని మీకు ఎవరో చెప్పి, అలా ఉండాలని అన్నారట. అది గొప్ప ప్రార్థనే. కాని ఆమె ఆ మాట లక్క ఇల్లు, అడవులు, యుద్ధం అన్నీ దాటి, కృష్ణుడు ఎదుట ఉండగా తనంత తానుగా అన్నది. ఇతరుల కష్టం మీద ఆ ప్రార్థనను రుద్దే అధికారం ఎవరికీ లేదు. మీకు ఆ మాట ఎన్నటికీ రాకపోయినా మీ భక్తికి లోటేమీ లేదు.

ఇక రోజువారీ సంగతులు. పొద్దున రెండు గంటలు చేసే పూజ ఇప్పుడు కుదరడం లేదని, అందువల్ల ఇంకా కీడు జరుగుతుందేమోనని రాశారు. గుడి కట్టించిన గోపన్నకు గోల్కొండలో ఏ పూజ మిగిలింది? అభిషేకం లేదు, అలంకారం లేదు, తాను చేయించిన పతకాలు మూలవిరాట్టు మెడలో ఎలా ఉన్నాయో చూసే వీలు కూడా లేదు. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా అని చూపే చోట, గోడ రాతి మీద చెక్కిన దేవతామూర్తులు నేటికీ ఉన్నాయి. చెరలో ఉన్నవాడికి పూజాస్థలం ఆ గోడ, పూజాద్రవ్యం నామం. మీ పూజ కూడా కొంతకాలం ఒక దీపానికి, నాలుగు నామాలకు కుదించుకోండి. అందులో లోపమేమీ లేదు. మనసు పెట్టి చదవలేని రోజున సహస్రనామం చదవకండి, ‘నాకు ఈ రోజు ఓపిక లేదు స్వామీ’ అని చెప్పి లేవండి, అదీ ప్రార్థనే. కోపం వస్తే కోపమే చెప్పండి. చదవడానికి ఏమైనా కావాలంటే దాశరథీ శతకంలో నుంచి రోజుకొక పద్యం చాలు. మీవారు కూడా వింటారు, మాట తిరగడానికి ఆయన చేసే సాధనలో తెలిసిన పద్యాన్ని కలిపి పలకడం పనికొస్తుందేమో చికిత్స చేస్తున్నవారిని అడగండి.

నిద్ర పట్టడం లేదని, అప్పుడప్పుడు బతకాలని లేదని ఒక చోట రాసి వెంటనే ఆ మాటను దాటేశారు. నేను దాటలేను. దానిని భక్తిలో బలహీనతగా లెక్కించి దాచుకోకండి. మీవారిని చూస్తున్న వైద్యుడికే ఆ మాట ఈ వారమే చెప్పండి, మానసిక వైద్యుడి దగ్గరకు పంపితే తప్పక వెళ్లండి. మీ అబ్బాయికో, తోబుట్టువుకో కూడా చెప్పండి, మీవారి సేవలో రోజుకు కొన్ని గంటలు వారిని చేయి వేయమని అడగండి. అడగడానికి మొహమాటపడతారని మీ రాతను బట్టి తెలుస్తూనే ఉంది. రాముణ్ణే నిలదీసి అడిగినవారు కన్నకొడుకును అడగడానికి సంకోచించకండి.

చివరగా, ఈ ఏడు శ్రీరామనవమికి ఇంట్లో కల్యాణం చేయించలేకపోతే ఆనవాయితీ తప్పిన దోషం తగులుతుందా అని అడిగారు. తగలదు. చేయించగలిగితే పురోహితుణ్ణి పిలిచి క్లుప్తంగా, మీవారి మంచం ఉన్న గదిలోనే చేయించండి, తలంబ్రాలు ఆయన ఎడమ చేతితో వేయించండి. అది కూడా కుదరకపోతే ఆ రోజు భద్రాద్రి కల్యాణం టీవీలో వస్తుంది, ఇద్దరూ కలిసి చూడండి. కోపం తీరలేదు గనుక అసలు చేయాలనే లేదంటే ఈ ఏడు మానేయండి, ఎందుకు మానేస్తున్నారో ఆయనకే చెప్పండి.